సావడి కబుర్లు: జట్టు కట్టిన కథ

పోయిన నెల సంచిక అచ్చుకు వెళ్లిన మర్నాటి సాయంత్రం మేము సావడి అరుగుమీద కూర్చుని కొండగాలి పీలుస్తూ ఉండగా, వదిన వరుస అయిన ఒక ఆవిడ చేతిలో కాగితం పట్టుకుని సరాసరి మా దగ్గరికి వచ్చింది. మామూలుగా ఆవిడ సావడిదాకా రాదు. కబురు పంపుతుంది, మేమే వెళతాము. వచ్చిందంటే పని గట్టిదే అన్నమాట.

“ఏం మరిదీ, నెలనెలా ఊరందరికీ బుద్ధులు చెబుతూ వ్రాస్తావు గదా, దీనికి ఒక్క మాట చెప్పు” అని ఆ కాగితం మా ఒళ్లో వేసింది.

చదివి చూచాము. ఆవిడ చిన్నకొడుక్కు పదమూడేళ్లు. మదురైలో ఎంపిక జరుగుతుంటే స్నేహితులతో కలిసి వెళ్లాడట. ఎక్కడో దూరపు పట్నంలో ఉన్న ఒక ఫుట్‌బాలు శిక్షణాలయంవాళ్లు వాణ్ణి తీసుకుంటామన్నారు. అక్కడే ఉండడం, అక్కడే బడి, అక్కడే ఆట. ఖర్చులో సగం వాళ్లది, సగం మనది. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో గుర్తుపెట్టి ఉన్నది. కుర్రవాడు సావడి స్తంభం వెనకాల నిలబడి, కాలికింద బంతిని అటూ ఇటూ దొర్లిస్తూ, మా ముఖంవంకే చూస్తున్నాడు.

“పంపమంటావా, వద్దంటావా?” అన్నది వదిన.

ఒక నెల గడువు అడిగాము. అడగక చేసేదేముంది? ఫుట్‌బాలులో మా ప్రజ్ఞ బడిలో ఉండగా ఒకసారి బొటనవేలు విరగ్గొట్టుకోవడంతోనే ముగిసింది. అయితే ఆట ఆడనివాళ్లకు ఆట చూచే తీరిక ఎక్కువ. అందులోనూ ఒక జట్టు పుట్టుకనుంచి చివరిదాకా, ఇంట్లో ఒక మనిషి జాతకం చూచినట్లు చూచాము. అది హైదరాబాదు జట్టు. ఆ కథ చెబితే వదినకు కావలసిన జవాబు అందులో ఎక్కడో దొరుకుతుందని ఈ నెల ఈ నాలుగు పేజీలూ దానికే ఇచ్చాము. ఆటలంటే గిట్టనివారు కూడా కొంచెం ఓపికపట్టి చదవాలి. ఇది గోళ్ల లెక్క కాదు, సంసారం లెక్క.

2019 ఆగస్టులో, పూనాలో నడుస్తూ ఉండిన క్లబ్బు మూతపడగా, ఆ స్థానంలో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. ఇండియన్ సూపర్ లీగులో అంతవరకు తెలుగుదేశపు పేరుగల జట్టు లేదు. పత్రికలో ఆ వార్త చదివినప్పుడు మాకు కలిగిన సంతోషం చూచి మా ఇంట్లోవాళ్లు నవ్వారు. ఇన్ని తరాలుగా ఈ కొండకింద పత్తీ మామిడీ చూసుకుంటూ బ్రతుకుతున్నవాళ్లం, హైదరాబాదు ముఖం చూచినవాళ్లు మనలో ఎందరు? అయినా పేరు వినగానే మన జట్టు అనిపించింది. ఇంట్లో కుర్రకారుది వేరే పక్షం. వాళ్లు చెన్నై జట్టువాళ్లు. 2015లోనూ 2018లోనూ కప్పు గెలిచిన చెన్నైయిన్ జట్టును వదిలి, నిన్నగాక మొన్న పుట్టిన జట్టువెంట ఎందుకు పోతామని వాళ్ల వాదన. న్యాయమైన వాదనే.

ఆ మొదటి యేడు వాళ్లే గెలిచారు. ఆగస్టు నెలాఖరులో పుట్టిన జట్టు అక్టోబరులో మైదానంలోకి దిగవలసి వచ్చింది. పూనా జట్టులో మిగిలినవాళ్లు కొందరు, అక్కడా ఇక్కడా దొరికినవాళ్లు కొందరు. పెళ్లి రేపనగా సంబరాల సరుకు కొన్నట్లయింది. మొదటి ఆటలోనే కలకత్తాలో అయిదు గోళ్లు తిన్నారు. ఇంగ్లండునుంచి వచ్చిన శిక్షకుడు ఫిల్ బ్రౌన్ జనవరి దాటకుండానే వెళ్లిపోయాడు. పద్ధెనిమిది ఆటల్లో రెండు గెలుపులు, పన్నెండు ఓటములు, మొత్తం పది పాయింట్లు. పది జట్లలో పదో స్థానం. మా ఇంట్లో ఆ నెలల్లో మేము భోజనానికి ఆలస్యంగా వెళ్లేవాళ్లం, కుర్రవాళ్ల మాటలు తప్పించుకోవడానికి.

అసలు కథ అక్కడ మొదలవుతుంది. 2020లో స్పెయిన్ దేశంనుంచి మానోలో మార్కెజ్ అనే శిక్షకుడు వచ్చాడు. ఆయన వచ్చింది ఆఖరి గడియలో. ఒప్పుకున్న మరొక పెద్దమనిషికి బార్సిలోనానుంచి పిలుపు వస్తే ఆయన వెళ్లిపోయాడు, ఆ ఖాళీలో ఈయన దొరికాడు. చేతిలో ఉన్న డబ్బు గొప్పది కాదు. అప్పుడు ఆయనా, క్లబ్బు పెద్దలూ చేసిన పని ఏమిటంటే, పేరుమోసినవాళ్ల వెంటపడడం మానేసి, ఎవరికీ పట్టని పిల్లల్ని చేరదీసుకోవడం. దేశ సమాఖ్య నడిపిన ఇండియన్ ఆరోస్ అనే బాలుర జట్టునుంచి ఆకాశ్ మిశ్రా వచ్చాడు. ఉత్తరప్రదేశ్ కుర్రవాడు, అప్పటికి పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఎడమ పక్క కాపలా అంతా ఆ పిల్లవాడి చేతిలో పెట్టారు. కుడి పక్కన సిక్కిం కుర్రవాడు ఆశిష్ రాయ్. గోవాలో అవకాశాలు లేక అల్లాడుతున్న లిస్టన్ కొలాసోను అంతకుముందే తెచ్చి ఉంచారు. మణిపూరునుంచి చింగ్లెన్‌సానా సింగ్, మొహమ్మద్ యాసిర్. జలంధరునుంచి హితేశ్ శర్మ.

ఇందులో మార్కెజ్ చూపు ఎంత దూరం వెళ్లిందో తరువాత తెలిసింది. అంతవరకు మైదానంలో పదకొండుమందిలో అయిదుగురు విదేశీయులు ఆడవచ్చు. 2021నుంచి నలుగురే అన్నారు. అంటే ఏడుగురు మనవాళ్లు ఉండి తీరాలి. విదేశీ గోళ్లవీరుణ్ణి ఎవరైనా కొనగలరు, ఆ ఏడుగురు ఎట్లాంటివాళ్లు అన్నదాంట్లోనే జట్టు బలం తేలుతుంది. అందరూ అంగడికి పరుగెత్తే నాటికి హైదరాబాదువాళ్ల పెరట్లో చెట్టు కాపుకు వచ్చి ఉన్నది. ఆ సంవత్సరమే లిస్టన్‌ను కలకత్తా జట్టు పెద్ద సొమ్ము ఇచ్చి కొనుక్కుపోయింది. క్లబ్బువాళ్లు ఆ పిల్లవాణ్ణి వదులుకోవడం మాకు ఆ రోజు నచ్చలేదు. కాని చిన్న క్లబ్బు బ్రతకాలంటే పెంచినదాన్ని అప్పుడప్పుడు అమ్ముకోక తప్పదని పత్తి పండించే కుటుంబంలో పుట్టిన మాకు ఒకరు చెప్పాలా?

అన్నిటికంటె మాకు నచ్చిన ఎంపిక వేరు. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి. గోవావాడు. 2015లో లీగు అంత్యపోటీ గోవాలో ఫటోర్డా మైదానంలో జరిగింది. అవతలి పక్షం చెన్నై. గోవా రెండు ఒకటితో గెలుపు వాకిట నిలిచి ఉండగా, చివరి నిమిషంలో బంతి ఈ కట్టిమణికే తగిలి సొంత గోల్లోకి పోయింది. ఆ వెంటనే చెన్నై ఇంకొకటి కొట్టి కప్పు ఎగరేసుకుపోయింది. సొంత ఊరివాళ్ల ఎదుట అంత అవమానం పడినవాణ్ణి ఇంకొకరైతే మళ్లీ తలుచుకోరు. హైదరాబాదువాళ్లు ముప్ఫయ్యేళ్ల వయసులో అతన్ని పిలిచి గోలు అప్పగించారు.

2020–21లో జట్టు అయిదో స్థానానికి వచ్చింది. ఇరవై ఆటల్లో ఓడినవి మూడే. మరుసటి యేడు రెండో స్థానం, ముప్ఫయి ఎనిమిది పాయింట్లు. నైజీరియావాడు బార్తలోమ్యూ ఒగ్బెచే ఒక్కడే పద్ధెనిమిది గోళ్లు కొట్టాడు. అంత్యపోటీ 2022 మార్చి 20న, కేరళ జట్టుతో. మైదానం అదే ఫటోర్డా.

ఆ రాత్రి మా ఇంటి హాలులో పదిహేనుమందిమి కూర్చున్నాము. చెన్నై పక్షం కుర్రవాళ్లు కూడా ఆ ఒక్క రాత్రికి మా పక్షానికి వచ్చారు. మైదానం నిండా కేరళవాళ్ల పసుపు చొక్కాలే. అరవై ఎనిమిదో నిమిషంలో కేరళవాడు దూరంనుంచి కొట్టిన బంతి కట్టిమణి చేతికి తగిలి కూడా లోపలికి పోయింది. హాలులో ఎవరో “మళ్లీ వీడేనా” అన్నారు. మేము మాట్లాడలేదు. ఆట అయిపోతున్నది అనుకునే వేళకు, ఎనభై ఎనిమిదో నిమిషంలో, సాహిల్ తవోరా అనే కుర్రవాడు బయటనుంచి ఒక దెబ్బ కొట్టి సమం చేశాడు. అదనపు కాలంలోనూ తేలలేదు. పెనాల్టీలు వచ్చాయి. కట్టిమణి ఒకటి ఆపాడు, రెండోది ఆపాడు, మూడోదీ ఆపాడు. హాలీచరణ్ నర్జారీ చివరిది కొట్టగానే, మా ఇంట్లో లేచిన కేకకు పక్కింటివాళ్లు పాము దూరిందేమోనని కర్ర పట్టుకుని వచ్చారు.

అప్పుడు ఒక మూలనుంచి మా పెదనాన్న అడిగాడు. ఆయనకు అప్పటికి ఎనభై దాటాయి. “అంతా బాగానే ఉన్నది గాని, వీళ్లలో హైదరాబాదువాడు ఎవడురా?” అని.

వెతికాము. గోవా, సిక్కిం, మణిపూరు, ఉత్తరప్రదేశ్, పంజాబు, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా. ఆ రాత్రి పేరు మోగినవాళ్లలో హైదరాబాదు వీధుల్లో పెరిగినవాడు మాకు ఒక్కడూ తగల్లేదు. ఇంకొక విచిత్రం కూడా అప్పుడే తోచింది. కోవిడు కారణంగా ఆ రెండేళ్లూ లీగు అంతా గోవాలోనే నడిచింది. అంటే హైదరాబాదు జట్టు ఇంత గొప్పదై, కప్పు గెలిచి, ఆ రెండు సంవత్సరాల్లో హైదరాబాదులో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఊరివాళ్లూ మనలాగే టెలివిజనులో చూచి సంతోషించవలసినవాళ్లే. ఇది ఎవరి తప్పూ కాదు. కాని మొక్క పెరిగినంతకాలం కుండీలోనే ఉన్నదని మాకు అప్పుడు తట్టలేదు, పెదనాన్నకు తట్టింది.

ఆయన మనసులో ఉన్న హైదరాబాదు జట్టు వేరు. ఆయన కుర్రతనంలో పత్రికల్లో చదివిన సిటీ పోలీసు జట్టు. 1950లో దాని శిక్షణ సయ్యద్ అబ్దుల్ రహీం చేతికి వచ్చింది. ఈమధ్య 2024లో ఆయనమీద మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చింది గనుక కుర్రవాళ్లకూ ఆ పేరు తెలుసు. వృత్తికి బడిపంతులు. పంతులు గనుకనే కాబోలు, పిల్లవాడిలో ఏమున్నదో పరీక్ష పెట్టి చూచేవాడు. బంతిని కాళ్లమధ్య ఆడిస్తూ ఉంచుకోకూడదు, అందిన వెంటనే ఇంకొకరికి ఇవ్వాలి అనే నియమంతో పోటీలు పెట్టించేవాడు. చేవలేని కాలితోనే ఆడాలని ఇంకొక పోటీ. తన సొగసు చూపించుకునేవాడికి అక్కడ పని లేదు. 1950నుంచి 1954వరకు అయిదేళ్లు వరుసగా బొంబాయిలో రోవర్స్ కప్పు ఆ పోలీసులదే. 1950, 1954, 1957 సంవత్సరాల్లో డ్యూరాండ్ కప్పు కూడా. ఆయన శిక్షణలోనే మన దేశపు జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక ఆయన మనుషుల్ని చేర్చుకునే పద్ధతి. బేరాలు లేవు. ఊళ్లో ఆటలు చూస్తూ తిరిగేవాడు. సికిందరాబాదు పక్కన అమ్ముగూడ అనే చోట తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఆడుతూ ఉండగా చూచి, సాధనకు రమ్మన్నాడు. అంతదూరం రావడానికి సైకిలు అద్దెకు డబ్బులు లేవన్నాడు ఆ కుర్రవాడు. రహీం తన జేబులోనుంచి ఆ అద్దె ఇచ్చి రప్పించాడు. తరువాత మెల్బోర్న్‌లోనూ, రోములోనూ, జకార్తాలోనూ దేశంకోసం ఆడిన బలరాం ఆయనే. ఆ సైకిలు అద్దె సంగతి బలరాం ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు. 2023లో ఆయన కన్నుమూశాడు. మరొక ముచ్చట. బలరాం తల్లిదండ్రులు తమిళులు. మనవాళ్లు తెలుగు గడ్డనుంచి ఇటు వచ్చి తమిళ దేశంలో కుదురుకుంటే, వాళ్లు ఇటునుంచి అటు వెళ్లి హైదరాబాదులో కుదురుకున్నారు. ఆయన్ను ఎవరూ పైవాడు అనలేదు. ఆ మైదానం మట్టిలో పెరిగినవాడు గనుక ఆ ఊరివాడే.

ఇంకొక మాట ఉన్నది. పోలీసు జట్టులో ఆడేవాడికి పోలీసు ఉద్యోగం ఉండేది. జీతం కొంచెమే. కాని కాలు విరిగితే మర్నాడు వీధినపడడు. పెళ్లి చేసుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. మన మిల్లుల్లో పనిచేసిన కుటుంబాలకు ఈ ధీమా విలువ వేరే చెప్పనక్కరలేదు.

అట్లాగని ఆ కాలాన్ని మరీ పొగడము. పెదనాన్న ముందు ఈ మాట అనలేకపోయాము గాని ఇక్కడ వ్రాస్తున్నాము. కొంచెం జీతంమీద ఎంతకాలం నిలుస్తారు? 1957లో బలరాం కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1966లో హబీబ్, నయీముద్దీన్ కూడా అటే వెళ్లారు. రహీం 1963 జూన్ 11న కాన్సరుతో చనిపోయాడు. ఆయన పోయిన తరువాత అటువంటి కన్ను ఇంకొకటి దొరకలేదు. 1961లో ఆంధ్రా పోలీసు పేరుతో డ్యూరాండ్ గెలిచిన జట్టు క్రమంగా పాత పత్రికల్లోకి జారుకున్నది. ఉద్యోగం మనిషిని నిలుపుతుంది, జట్టును మాత్రం ఉద్యోగం ఒక్కటే నిలపలేదు.

మళ్లీ కొత్త జట్టు దగ్గరికి వద్దాము. 2022–23లో కూడా రెండో స్థానం, నలభై రెండు పాయింట్లు. ఆ వేసవిలోనే తాళ్లు తెగడం మొదలైంది. మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు. ఆకాశ్ మిశ్రా బొంబాయికి. ఒగ్బెచే ఇంటికి. ఆ ఏడు మే నెల మొదట్లో, చింగ్లెన్‌సానా కోజికోడులో ఈ జట్టు తరఫున ఆడుతూ ఉండగా, మణిపూరు అల్లర్లలో చురాచాంద్‌పూరులోని అతని ఇల్లూ, ఊరి పిల్లలకోసం అతను కట్టించిన ఫుట్‌బాలు మైదానమూ కాలిపోయాయి. ఇది జట్టు కథలో భాగం కాదు. కాని ఒక కుర్రవాణ్ణి పై ఊరికి పంపడమంటే ఏమిటో ఆలోచించినప్పుడల్లా మాకు అదే గుర్తుకు వస్తుంది.

తరువాతి యేడు డబ్బు ఇబ్బందులు బయటపడ్డాయి. రావలసిన జీతాలు రాలేదని ఆటగాళ్లు అంతర్జాతీయ సమాఖ్య ఫిఫాకు మొరపెట్టుకున్నారు. బాకీ తీర్చేదాకా కొత్తవాళ్లను చేర్చుకోరాదని ఫిఫా నిషేధం వేసింది. ఈ నిషేధం ఎట్లాంటిదంటే, ఉన్నవాళ్లు వెళ్లిపోవచ్చు, కొత్తవాళ్లు రాకూడదు. గాదెకు అడుగున కన్నం, పైన తాళం. 2024 జనవరిలో ఒకరి తరువాత ఒకరు వెళ్లిపోయారు. తప్పుపట్టలేము, పొయ్యి వెలగాలి గదా. మిగిలింది తంగ్‌బోయి సింగ్టో అనే మణిపూరు శిక్షకుడు, ఆయన వెనక మీసాలు సరిగా రాని పిల్లలు. విదేశీయులందరూ ఆడే లీగులో దాదాపు అందరూ దేశీయులే ఉన్న జట్టుతో ఆయన దిగాడు. ఇరవై రెండు ఆటల్లో ఒకే ఒక్క గెలుపు. ఎనిమిది పాయింట్లు.

ఆ ఒక్క గెలుపు ఎక్కడనుకున్నారు? 2024 మార్చిలో, చెన్నైలో, చెన్నైయిన్ జట్టుమీద. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఇద్దరు ఆ ఆటకు వెళ్లారు. చెన్నై చొక్కాలు తొడుక్కుని వెళ్లినవాళ్లు, ఆ జీతంలేని పిల్లలు ఆట అయిపోగానే ఒకరిమీద ఒకరు పడి ఏడుస్తూ ఉంటే, లేచి చప్పట్లు కొట్టారట. ఫోనులో ఈ సంగతి చెబుతూ ఒకడు, “చిన్నాయనా, కప్పు గెలిచిన రోజుకంటె ఆ రోజే అది నీ జట్టులాగా కనబడింది” అన్నాడు. వాడు చెప్పింది నిజమని మాకు తోచింది. ఇప్పటికీ అదే తోస్తున్నది.

2024లో కొత్త యాజమాన్యం వచ్చింది, బి. సి. జిందాల్ సంస్థ. పాత బాకీల చిక్కులు విప్పుకుని, లీగు మొదలయ్యే ముందు ఆదరాబాదరాగా ఆటగాళ్లను వెతికారు. సెర్బియానుంచి ఒకరు, బ్రెజిల్‌నుంచి ఇద్దరు, క్లబ్బు సొంత బాలుర జట్టునుంచి అబ్దుల్ రబీహ్ వంటి కేరళ కుర్రవాళ్లు. అక్టోబరులో కలకత్తా వెళ్లి మహమ్మదన్ జట్టును నాలుగు గోళ్లతో ఓడించినప్పుడు మాకు మళ్లీ ఆశ పుట్టింది. నవంబరులో కొచ్చిలో కేరళను ఓడించారు. తరువాత మళ్లీ ఓటములు. డిసెంబరులో సింగ్టో వెళ్లిపోయాడు, కేరళ శిక్షకుడు షమీల్ చెంబకత్ పగ్గాలు పట్టాడు. ఇరవై నాలుగు ఆటల్లో నాలుగు గెలుపులు. పదమూడు జట్లలో పన్నెండో స్థానం. ఆఖరి స్థానంనుంచి ఒక మెట్టు పైకి. ఇల్లు కాలినవాడు ముందు గుడిసె వేసుకుంటాడు, ఆ తరువాత మేడ అని మేము సర్దిచెప్పుకున్నాము.

మేడ హైదరాబాదులో లేవలేదు. 2025 అక్టోబరులో ఆ క్లబ్బును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. ఆరేళ్ల క్రితం పూనానుంచి వచ్చినది హైదరాబాదునుంచి అట్లాగే వెళ్లిపోయింది. కొన్నవాళ్లకు అట్లా చేసే హక్కు ఉన్నది, నష్టాల లెక్కా వాళ్లకే తెలుసు. మాకు మాత్రం, గచ్చిబౌలి మైదానంలో ఆ జట్టుకోసం గొంతు చించుకున్న కుర్రవాళ్లు ఆ ఉదయం పత్రిక ఎట్లా చదివారో అన్న ఆలోచన వచ్చింది.

ఇట్లాంటిదే ఇంగ్లండులో ఒకటి జరిగింది. లండనులో వింబుల్డన్ జట్టును యజమానులు మిల్టన్ కీన్స్ అనే మరొక పట్నానికి తరలిస్తామన్నారు, 2002లో అనుమతి కూడా వచ్చింది. ఊరివాళ్లు ఏడ్చి ఊరుకోలేదు. కొద్దివారాల్లోనే సొంతంగా ఒక క్లబ్బు పెట్టుకుని, ఆటగాళ్లు కావాలని ప్రకటించి, ఊరి బయలులో బహిరంగంగా ఎంపిక జరిపారు. వచ్చినవాళ్లలో ఆడగలిగినవాళ్లను ఏరుకుని బాగా కింది తరగతినుంచి మొదలుపెట్టారు. 2011కల్లా పెద్ద లీగుల్లోకి ఎక్కారు, 2020లో సొంత పేటలో మైదానం కట్టుకున్నారు. హైదరాబాదులో శ్రీనిధి డెక్కన్ అనే మరొక జట్టు ఐ-లీగులో 2022–23లోనూ 2023–24లోనూ రెండో స్థానంలో నిలిచింది. కాబట్టి ఊరు గొడ్డుపోయిందనడానికి వీల్లేదు.

ఇంతా చదివి, “మా వాడి సంగతి ఏమైంది?” అంటుంది వదిన. వస్తున్నాము.

నెల గడువులోపలే ఆవిడ ఇంటికి వెళ్లాము. కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పైన చెప్పినదంతా కొంచెం కొంచెంగా చెప్పాము. ఆ తరువాత ఆ కాగితం ముందు పెట్టుకుని, ముగ్గురం కలిసి నాలుగు ప్రశ్నలు వ్రాశాము. మొదటిది, ఆ శిక్షణాలయం డబ్బులేక మూతపడితే, నడిసంవత్సరంలో పిల్లవాడి బడి ఫీజు ఎవరు కడతారు? రెండోది, కాలు దెబ్బతింటే వైద్యం ఎవరిది, ఎన్నాళ్లదాకా? మూడోది, ఈ సంతకంతో వాడు ఎన్నేళ్లకు కట్టుబడతాడు, ఇష్టం లేకపోతే ఇంటికి రావడానికి ఏమైనా చెల్లించాలా? ఈ మూడోది ఎందుకంటే, పన్నెండో ఏటినుంచి ఇరవైఒకటో ఏటివరకు ఒక పిల్లవాడికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు, వాడు పెద్దవాడై ఒప్పందం చేసుకున్నప్పుడు వాటా వచ్చే నిబంధన ఫిఫాలో ఉన్నది. పిల్లవాడు ఆస్తి కాదు గాని, కాగితంమీద కొంత ఆస్తివంటివాడే. మన దేశపు సమాఖ్య శిక్షణాలయాలకు నక్షత్రాల లెక్కన గుర్తింపు ఇస్తుంది, ఆ గుర్తింపు ఉన్నదో లేదో కూడా అందులోనే చేర్చాము.

నాలుగోది కుర్రవాడే అడిగాడు. “అక్కడ పంతులు ఎవరు? ఎన్నాళ్లనుంచి ఉన్నాడు?”

మేము వదిన ముఖం చూచాము. సైకిలు అద్దె కథ వాడి చెవిలో పడ్డదన్నమాట. మార్కెజ్ ఉన్నన్నాళ్లే ఆ పిల్లలు పెరిగారు, రహీం ఉన్నన్నాళ్లే పోలీసులు గెలిచారు. యజమాని ఎవరన్నది మేము అడిగాము, పంతులు ఎవరన్నది వాడు అడిగాడు.

వదిన ఫోను చేసింది. ఫీజు సంగతీ, వైద్యం సంగతీ వ్రాతపూర్వకంగా ఇస్తామన్నారు. కట్టుబాటు రెండేళ్లని చెప్పి, ఇంటికి రావడానికి చెల్లింపు ఏమీ లేదన్నారు, అదీ కాగితంమీద పెట్టమన్నాము. గుర్తింపు పత్రం నకలు పంపారు. పంతులు సంగతి అడిగితే, పాతాయన పోయిన నెలలో మానేశాడు, కొత్తాయన వచ్చే సోమవారం చేరుతున్నాడు అన్నారు. ఆయన వచ్చాక వదినా, పిల్లవాడూ రైలెక్కి వెళ్లి, రెండు రోజులు అక్కడే ఉండి, ఆయన పిల్లలతో ఎట్లా మాట్లాడతాడో చూచి వద్దామని అనుకున్నారు. తోడు మమ్మల్ని రమ్మన్నది. టిక్కెట్లు తీశాము. కాగితం ఇంకా పెన్సిలు గుర్తుతోనే ఉన్నది.